మంద్రానికి తగిన తీగ

పాట వినేటప్పుడు మన చెవి మొదట పట్టుకొనేది గాయకుని కంఠాన్ని. తరువాత వేణువునో, వయొలిన్‌నో, తాళవాద్యాన్నో గమనిస్తాము. వీటన్నిటికీ అడుగున, ఇంటికి పునాది వలె, ఒక గంభీరమైన నాదం నడుస్తూ ఉంటుంది. అది ఉన్నంతసేపు దానిని ఎవరూ పట్టించుకోరు. అది ఆగిన క్షణాన మాత్రం పాటకు కాళ్ళ కింద నేల తొలగినట్లు తోస్తుంది. నేటి లలిత సంగీతంలో, చలనచిత్ర సంగీతంలో ఆ పని చేసేది బేస్ గిటారు. ఇళయరాజా కూర్చిన తెలుగు పాటలు శ్రద్ధగా విన్నవారికి ఈ వాద్యం ఎంత చక్కగా తన మాట తాను చెప్పగలదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ వాద్యం ఇప్పుడు ఎన్నో ఇళ్ళలో ఉన్నది. కుమారుడో కుమార్తెయో నేర్చుకుంటున్నారని తల్లిదండ్రులు కొని తెచ్చినదే. కొంతకాలానికి తీగలు మార్చవలసి వస్తుంది. అప్పుడు దుకాణానికి పోతే వచ్చే ప్రశ్న, “రౌండ్‌వౌండ్ కావాలా, ఫ్లాట్‌వౌండ్ కావాలా?” అని. తీగ తీగే కదా, ఇందులో రకాలేమిటని తండ్రికి ఆశ్చర్యం కలుగుతుంది. వెల విన్న తరువాత ఆ ఆశ్చర్యం రెట్టింపవుతుంది. మంచి ఫ్లాట్‌వౌండ్ తీగల జత వెల, చవకరకం వాద్యం వెలలో తేలికగా తీసివేయరాని భాగం. అంత సొమ్ము పెట్టి తెచ్చిన తీగలు చేతికి నచ్చకపోతే, లేదా వాద్యానికే సరిపడకపోతే, ఆ నష్టం చిన్నది కాదు. కనుక ఈ ఎంపికను గురించి కొంత వివరంగా ముచ్చటించుకోవడం మంచిది.

మొదట తీగ నిర్మాణం చూద్దాము. బేస్ గిటారులో సాధారణంగా నాలుగు తీగలు. అన్నిటికంటె లావైనది సెకనుకు దాదాపు 41 కంపనలు చేస్తుంది. దాని పైవి వరుసగా 55, 73, 98. మన పరిభాషలో చెప్పవలెనంటే, ఒక తీగను షడ్జమం అనుకుంటే దాని పై తీగ శుద్ధ మధ్యమం పలుకుతుంది. వీణ తీగల వలె షడ్జమ పంచమాల అమరిక కాదు. ఇంత మంద్రంగా పలకడానికి తీగకు బరువు కావాలి. ఒకే ఉక్కు కడ్డీని అంత లావుగా చేస్తే అది కమ్మీ వలె బిగుసుకొని పోయి సరిగా కంపించదు. అందుచేత లోపల సన్నని ఉక్కు తీగ ఉంచి, దానిమీద మరొక తీగను దగ్గరదగ్గరగా చుడతారు. చుట్టే తీగ గుండ్రనిదైతే రౌండ్‌వౌండ్. వేలితో రాస్తే స్క్రూ మీద రాసినట్లు గరుకుగా ఉంటుంది. అన్నిటికంటె పైచుట్టు రిబ్బను వంటి చదునైన లోహపు పట్టీతో వేస్తే అది ఫ్లాట్‌వౌండ్. వేలికి నున్నగా, పట్టువలె జారుతుంది. ఈ రెంటికీ నడిమి రకం ఒకటి ఉన్నది, గుండ్రని చుట్టునే పైన సానపట్టి సగం నునుపు చేసినది. నల్లని నైలాను పట్టీ చుట్టిన తీగలు కూడా దొరుకుతాయి. వాటి జోలికి ఈ ప్రసంగంలో పోవడం లేదు.

నునుపుదనం వల్ల వచ్చే మొదటి లాభం నిశ్శబ్దం. గరుకు తీగ మీద చేయి పైకీ కిందికీ జారినప్పుడల్లా కీచుమని ఒక చప్పుడు వస్తుంది. వైణికులు తీగ మీద చేయి సాఫీగా సాగడానికి వేళ్ళకు నూనె రాసుకోవడం మన ఇళ్ళలో చూచినదే. ఫ్లాట్‌వౌండ్ తీగకు ఆ అవసరం లేదు. రెండవది నాదంలోని తేడా. గుండ్రని చుట్టు తీగలో పై అనుస్వరాలు బలంగా ఉండి, మ్రోగినప్పుడు పియానో వలె గణగణలాడుతూ చాలసేపు నిలుస్తుంది. చదును చుట్టు తీగలో ఆ పై అనుస్వరాలు త్వరగా అణగిపోతాయి. మీటిన క్షణాన “ధుమ్” అని ఒక నిండైన దెబ్బ, వెంటనే గుండ్రని, నల్లని నాదం. నిలకడ కొంచెం తక్కువ. కొందరు దీనిని మూగనాదమంటారు. నాకు ఆ మాట నచ్చదు. మృదంగంలో తొప్పి వైపును మూగదని ఎవరంటారు?

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. చరిత్ర తెలియకపోతే ఈ తీగల పేరిట జరిగే వాదాలు అర్థం కావు. 1951లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఫుల్లర్టన్ పట్టణంలో, లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ అనే వాద్యాన్ని తయారుచేసి అమ్మకానికి పెట్టాడు. అంతకుముందు నిలువెత్తు డబుల్ బేస్‌ను నిలబడి వాయించేవారు. దానికి మెట్లు లేవు, మోయడం ప్రయాసం, పెద్ద బృందంలో వినిపించదు. ఫెండర్ వాద్యానికి మెట్లు ఉన్నవి కనుక స్వరం ఖచ్చితంగా పడుతుంది. పేరులోని ‘ప్రెసిషన్’ అందుకు వచ్చినదే. ఆ రోజులలో ఈ వాద్యం పట్టినవారిలో పలువురు డబుల్ బేస్ నుంచి వచ్చినవారు. వారికి కావలసినది ఆ పాత వాద్యపు గంభీరనాదం. కాబట్టి తొలి పదిపదిహేనేళ్ళు నున్నని తీగలదే రాజ్యం.

ఆ కాలపు వాదకులలో జేమ్స్ జేమర్‌సన్‌ను తలచుకోకుండా ఫ్లాట్‌వౌండ్ తీగలను గురించి మాట్లాడడం సాధ్యం కాదు. డిట్రాయిట్ నగరంలో మోటౌన్ సంస్థ వారి చిన్న రికార్డింగు గదిలో 1960 దశకంలో తయారైన అసంఖ్యాకమైన పాటలకు ఆయన బేస్ వాయించాడు. కుడిచేతి చూపుడువేలు ఒక్కటే వాడేవాడు. ఆయన తీగలు లా బెల్లా వారి లావుపాటి ఫ్లాట్‌వౌండ్‌లు. అంగుళంలో వెయ్యోవంతుల లెక్కన సన్నని తీగ 52, లావు తీగ 110. గుర్రం మీది మూత కింద ఒక స్పాంజి ముక్క ఉండేది. తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదు. ఎన్నో ఏళ్ళ చెమట, ధూళి ఎక్కిన ఆ తీగల మీదనే, పాటలో పాట అనదగిన అల్లికలు పలికించాడు. విచిత్రమేమంటే, కోట్లమంది విన్న ఆ చేతి పేరు చాలకాలం రికార్డు అట్టలమీద అచ్చుకాలేదు. 1971లో మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ రికార్డు అట్టమీద తక్కిన వాదకులతోపాటు ఆయన పేరు కూడా వేశారు. 1983లో ఆయన కాలధర్మం చెందాడు. అదే కాలంలో లాస్ ఏంజిలిస్ నగరంలో కెరోల్ కే అనే విదుషి, నున్నని తీగలనే వేలితో కాక మీటుబిళ్ళతో వాయించి, తీగలమీద ఫెల్టు ముక్క అదిమి, పూర్తిగా వేరైన పొడిపొడి నాదం తెచ్చింది. తీగ ఒకే రకమైనా చేయి మారితే నాదం మారుతుందనడానికి ఈ ఇద్దరినీ వరుసగా విని చూడవచ్చు.

మార్పు ఇంగ్లండులో వచ్చింది. ‘ది హూ’ బృందంలోని జాన్ ఎంట్‌విజిల్‌కు బేస్ కూడా ముందువరుసలో గిటారు వలె మ్రోగవలెనని కోరిక. 1965లో ఒక పాటలో బేస్ ఒంటరిగా వాయించే ఘట్టం కోసం, సన్నని గుండ్రచుట్టు తీగలున్న డాన్‌ఎలెక్ట్రో వాద్యం కొన్నాడు. తీగ తెగింది. విడిగా ఆ తీగలు దొరకవు. అందుకని తీగల కోసం మరో వాద్యమే కొన్నాడట. ఇటువంటి తిప్పలు పడ్డవాడు ఊరుకుంటాడా? 1966లో జేమ్స్ హౌ నడిపిన రోటోసౌండ్ సంస్థతో కలిసి కూర్చుని తనకు కావలసిన రౌండ్‌వౌండ్ తీగలు తయారు చేయించాడు. అక్కడినుంచి రాక్ సంగీతంలో వాటి ప్రాబల్యం పెరిగింది. జాకో పెస్టోరియస్ 1970 దశకంలో మెట్లు లేని వాద్యంమీద కూడా రౌండ్‌వౌండ్ తీగలే వేసి, గరుకు తీగ కర్రను తినివేయకుండా పలకకు ఎపాక్సీ పూత పూసి, గొంతెత్తి పాడినట్లు వాయించాడు. పూత లేని మామూలు కర్ర పలకమీద ఆ సాహసం చేస్తే గీతలు పడతాయి. మెట్లు లేని వాద్యానికి నున్నని తీగ వేయమనడానికి ముఖ్య కారణం అదే.

ఫ్లాట్‌వౌండ్ అంటే పాతకాలపు మెత్తని పాటలకే అనుకోవడం కూడ సరి కాదు. ‘ఐరన్ మెయిడెన్’ అనే మహా ఆర్భాటపు బృందంలో స్టీవ్ హారిస్ వాడేవి ఫ్లాట్‌వౌండ్‌లే, అవీ లావైనవే. ఐతే ఆయన వాటిని తరచుగా మార్చి కొత్తవాటినే వాడతాడు. జేమర్‌సన్ ఏళ్ళతరబడి మార్చనేలేదు. కొత్త ఫ్లాట్‌వౌండ్ తీగకు మనమనుకునే దానికంటె చాల తళుకు ఉంటుంది. అది కొన్ని వారాలకు, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలకు, తగ్గి స్థిరపడుతుంది. దుకాణంలో కొత్త తీగ మీటి “ఇదేమిటి, నేను విన్న నాదం కాదే” అని నిరుత్సాహపడేవారు ఈ సంగతి గుర్తుంచుకోవలె.

ఇప్పుడు ఎంపిక. తీగల పొట్లంమీద 45–105 అనో, 52–110 అనో అంకెలుంటాయి. సన్నని తీగ, లావు తీగల వ్యాసం అది, అంగుళంలో వెయ్యోవంతులు. కొత్తవారు సాధారణంగా ఈ అంకెలొక్కటే చూస్తారు. అవి చాలవు. లోపలి ఉక్కు తీగ ఎంత లావు, దానిమీది చుట్లు ఎంత బరువు అన్నదానిని బట్టి ఒకే వ్యాసం గల రెండు తీగలు రెండు రకాల బిగువుతో ఉండవచ్చు. వియన్నా నగరపు టొమాస్టిక్-ఇన్‌ఫెల్డ్ సంస్థవారి జాజ్ ఫ్లాట్ తీగలు 43, 56, 70, 100. నికెల్ చుట్టు. బహు మెత్తన. వేలికింద సాగుతాయి. స్వరంలో కొంత పలుకు నిలిచి ఉంటుంది. వెల మాత్రం ఎక్కువ. డి’అడారియో వారి క్రోమ్స్ 45, 65, 80, 100. ఉక్కు పట్టీ చుట్టు. బిగువు ఎక్కువ, కొత్తలో తళుకూ ఎక్కువ. లా బెల్లావారు ఒకే రకాన్ని 43–104 నుంచి 52–110 దాకా పలు మందాలలో ఇస్తారు. రోటోసౌండ్‌వారు మోనెల్ అనే మిశ్రలోహంతో చుడతారు. అది ఉక్కుకంటె కొంచెం వెచ్చగా పలుకుతుంది.

బిగువు ఎందుకు ముఖ్యమంటే, అది వేళ్ళకూ వాద్యానికీ కూడా సంబంధించినది. మామూలు 45–100 తీగలు నాలుగూ కలిసి శ్రుతిలో ఉన్నప్పుడు దండిని లాగే బలం సుమారు 70 కిలోలు. ఒక మనిషి బరువు! జేమర్‌సన్ మందం వేస్తే అంతకు మరీ ఎక్కువ. చవకరకం వాద్యపు దండి ఆ బలానికి విల్లు వలె వంగి, తీగలు మెట్లకు దూరంగా లేచి, పిల్లవాడు బలమంతా పెట్టి నొక్కవలసి వస్తుంది. నెల తిరగకముందే వాద్యం మూలపడుతుంది. నేర్చుకొనేవాడు తన చేతకానితనం అనుకుంటాడు. నిజానికి తప్పు తీగది. మహావిద్వాంసుడు వాడాడని ఆయన తీగలే కొనడం, భీముని గద ఉన్నదని ఇంటికి తెచ్చుకోవడం వంటిది.

లెక్క తెలిసినవారికి ఇంకొక మాట. తీగ బిగువు దాని పొడవు వర్గాన్నిబట్టి, కంపనసంఖ్య వర్గాన్నిబట్టి పెరుగుతుంది. మామూలు బేస్ గిటారులో మేరువునుంచి గుర్రందాకా 34 అంగుళాలు. పాల్ మెకార్ట్‌నీ చేతిలో ప్రసిద్ధికెక్కిన హాఫ్‌నర్ వాద్యం వంటి పొట్టి రకాలలో 30. అదే బరువు తీగను 30 అంగుళాల వాద్యంమీద అదే శ్రుతికి బిగిస్తే బిగువు అయిదింట ఒక వంతుకు పైగా తగ్గుతుంది. పొడవు వాద్యంమీద ఉక్కుకడ్డీలా తోచిన తీగ పొట్టి వాద్యంమీద హాయిగా ఉంటుంది. మెత్తని తీగ వేస్తే వదులై మెట్లకు కొట్టుకుంటుంది. పొడవు వాద్యంమీద అన్ని తీగలనూ అరస్వరం తగ్గించి శ్రుతి చేసుకొనేవారికి కూడా బిగువు తొమ్మిదింట ఒక వంతు తగ్గుతుంది.

మన సంగీతం వాయించదలచినవారికి ఈ విషయం మరింత అవసరం. వీణమీద గమకం రెండు విధాలు. తీగను మెట్టుమీద పక్కకు లాగడం ఒకటి, మెట్టునుంచి మెట్టుకు జారడం ఒకటి. లావు ఫ్లాట్‌వౌండ్‌మీద లాగుడు గమకం దాదాపు అసాధ్యం. వేలు నొచ్చడమే మిగులుతుంది. జారుడు మాత్రం దివ్యంగా ఉంటుంది. కీచుమనకుండా ఒక స్వరంలోనుంచి మరొక స్వరం పుట్టినట్లే వినిపిస్తుంది. కాబట్టి కీర్తనలూ కృతులూ పలికించాలనే కోరిక ఉన్నవారు మెత్తని, సన్నని ఫ్లాట్‌వౌండ్‌లు తీసుకుంటే లాగుడుకూ కొంత వీలుంటుంది.

నన్నడిగితే, మొదటిసారి ఫ్లాట్‌వౌండ్ వేసేవారు 43 లేక 45తో ప్రారంభమయ్యే జతను తీసుకొని కనీసం మూడు నెలలు వాయించి చూడవలె. వారం తిరగకుండా మార్చినవారికి తీగ అసలు స్వభావం తెలియదు. బొటనవేలితో కొట్టి, మరో వేలితో ఎగదీసి టకటకలాడించే స్లాప్ పద్ధతి మీద మోజు ఉన్నవారు ఈ తీగలు కొనకపోవడమే మేలు. ఆ మెరుపు వీటిలో లేదు.

మరొక లాభం మన కోస్తా ప్రాంతాలవారికి ప్రత్యేకం. విశాఖపట్నం, కాకినాడ వంటి చోట్ల సముద్రపు గాలికీ చేతి చెమటకూ లోహం త్వరగా పాడవుతుంది. గుండ్రచుట్టు తీగలో చుట్టుకు చుట్టుకు నడుమ సందులుంటాయి. మురికి అందులో చేరి కొద్ది వారాలలోనే నాదం చచ్చుబడుతుంది. చదును చుట్టులో ఆ సందులు దాదాపు లేవు. వాయించిన తరువాత పొడిగుడ్డతో ఒకసారి తుడిస్తే ఏళ్ళపాటు పనిచేస్తాయి. మొదట ఎక్కువనిపించిన వెల ఆ విధంగా చివరకు కలిసివస్తుంది.

తీగ వేయడంలో జాగ్రత్తలు కొన్ని చెప్పవలసి ఉన్నది. చాల రకాల తీగలకు చివర రంగు పట్టుదారం చుట్టి ఉంటుంది. ఆ దారం మేరువు దాటిన తరువాతనే మొదలు కావాలి. మేరువు మీదికిగాని, మెట్ల పైకిగాని వచ్చినదంటే ఆ తీగ మీ వాద్యానికి పొట్టిది. అందుకే కొనేముందు మీ వాద్యం పొడవు దుకాణదారుకు చెప్పవలె. కొన్ని వాద్యాలలో తీగను చెక్క వెనుకనుంచి దూర్చి గుర్రం మీదికి తెస్తారు. అక్కడ మలుపు మరీ వాడిగా ఉంటే చదును పట్టీ విరిగే ప్రమాదమున్నది. అటువంటి వాద్యానికి గుర్రం చివరనుంచే తీగ వేసే వీలుంటే అదే మంచిది. తీగలన్నీ ఒక్కసారి ఊడదీయక, ఒకటి తీసి ఒకటి వేయండి. బిరడకు చుట్టడానికి నాలుగైదు అంగుళాలు ఉంచుకొని, ముందు అక్కడ తీగను లంబకోణంగా వంచి, ఆ వంపు దాటిన తరువాతనే కత్తిరించాలి. వంచకుండా కత్తిరిస్తే పైచుట్టు లోపలి తీగమీద జారి వదులవుతుంది. ఆపైన ఆ తీగ ఎంత బిగించినా పలకదు. వేసేటప్పుడు తీగ మెలిపడకుండా చూచుకోవలె.

కొత్త బిగువుకు దండి ఏమైనా వంగినదా అన్నది ఒకటి రెండు రోజులు ఆగి చూడాలి. తీగను మొదటి మెట్టుమీదా చివరి మెట్టుమీదా ఒకేసారి నొక్కి పట్టి, ఏడవ ఎనిమిదవ మెట్ల దగ్గర సందు ఎంతో గమనించండి. ఒక విజిటింగు కార్డు పట్టేంత ఉంటే చాలు. ఎక్కువైతే దండి లోపలి ఉక్కు కడ్డీని మరతో పావు చుట్టు బిగించి, మర్నాటిదాకా ఆగి మళ్ళీ చూడాలి. ఒకేసారి బలంగా తిప్పకూడదు. ఈ పని తెలియనివారు తెలిసినవారిచేత చేయించడమే మంచిది. లావు తీగ మేరువు గాడిలో పూర్తిగా దిగకపోతే గాడిని ఆకురాయితో వెడల్పు చేయడమూ అటువంటి పనే. పన్నెండవ మెట్టుపై నొక్కిన స్వరమూ, అక్కడే వేలు తాకించి పలికించిన అనుస్వరమూ ఒకటి కావాలి. నొక్కిన స్వరం ఎక్కువగా పలికితే గుర్రంమీది ఆ తీగ ఆధారాన్ని కొంచెం వెనక్కు జరపాలి.

చివరగా, వినడం గురించి. గదిలో పెద్ద స్పీకరు ముందు కూర్చుని ఫ్లాట్‌వౌండ్ నాదాన్ని సరిచేసుకున్నవారు, అదే పాటను చిన్న రేడియోలో విన్నప్పుడు బేస్ మాయమైనదని వాపోతూ ఉంటారు. చిన్న స్పీకరు 41 కంపనల స్వరాన్ని పలకలేదు. దానిపైనుండే 82, 123, 164 కంపనల అనుస్వరాలను విని మన చెవి అడుగుస్వరాన్ని ఊహించుకుంటుంది. గుర్రం దగ్గర స్పాంజి ముక్క ఉంచి, యాంప్లిఫయరులో పై శ్రుతులన్నీ తగ్గించి, ఆ అనుస్వరాలను కూడా నొక్కివేస్తే చెవికి ఊహించుకొనే ఆధారమే ఉండదు. కనుక ఫ్లాట్‌వౌండ్ వేసినవారు ట్రెబుల్ మరను మొదట సగానికి పైగానే ఉంచి, ఇంట్లోని చిన్న సెట్టులో ఒకసారి విని, ఆ తరువాత అవసరమైనంతే తగ్గించుకోవలె. తీసివేసిన పాత తీగలను పారవేయవద్దు. చుట్టి, కొత్తవి వచ్చిన పొట్లంలోనే ఉంచి పైన తారీకు వేయండి. కచేరి నడుమ తీగ తెగితే ఆ రాత్రికి అవే ఆదుకుంటాయి.